గవర్రాజు కత్తి మీద పడ్డ అనుమానం

ఆ శ్రావణంలో ఒక ఆదివారం గవర్రాజు సెలూన్‌కి ఒక్క మనిషి కూడా రాలేదు.

ఇనప గనుల ఊరు కిరండుల్‌లో ఆదివారమంటే గని కంపెనీ వాళ్ళందరికీ జుట్టు పెరిగిందని గుర్తొచ్చే రోజు. గనిలో పనిచేసే ఆపరేటర్లు, ఆఫీసు గుమాస్తాలు, లారీ డ్రైవర్లు పొద్దున్నే వచ్చి బెంచీ మీద చోటు పట్టుకుంటారు. విజయనగరం కబుర్లు, అనకాపల్లి కబుర్లు సాగుతుంటాయి. వాన కురుస్తున్నా ఆ బెంచీ ఖాళీగా ఉండదు. ఆ రోజు గవర్రాజు షట్టరు ఎత్తి, ఊడ్చి, అగరొత్తి వెలిగించి గుమ్మంలో నిలబడ్డాడు. ఎదుటి కిరాణా కొట్టు చూరు కింద నలుగురు తడవకుండా నిలబడి ఉన్నారు. నలుగురూ అతని దగ్గర గడ్డం గీయించుకునేవాళ్ళే. ఒకతను ఇటు చూసి చప్పున మొహం తిప్పుకున్నాడు. ఇంకొకతను గొంతు తగ్గించి ఏదో అన్నాడు. మిగిలిన ఇద్దరూ కావాలని వాన వైపు చూశారు.

గవర్రాజుకి యాభై దాటాయి. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. బైలాడిలా కొండల మీద ఇనప రాయి తవ్వడం మొదలైన కొత్తలో అతని తండ్రి బొబ్బిలి వైపు నుంచి కత్తీ, దువ్వెనా, చిన్న అద్దం సంచీలో పెట్టుకుని కూలీల వెంట వచ్చాడు. రేకుల కప్పు కింద, మట్టి గుట్ట మీద కూర్చోబెట్టి తలలు గొరిగాడు. కొడుకు నాటికి అది అద్దాలూ, రెండు తిరుగుడు కుర్చీలూ ఉన్న సెలూన్ అయింది. గవర్రాజు ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, సంతకొచ్చే వాళ్ళతో హల్బీ మాట్లాడతాడు. కొండ మీది ఊళ్ళ నుంచి దిగిన వాళ్ళతో వచ్చీరాని గోండి. పని విషయంలో అతనికి ఒకే ఒక గర్వం. మనిషికో బ్లేడు. కుర్చీలో కూర్చున్నవాడి కళ్ళ ముందే కాగితం విప్పి, బ్లేడు విరిచి, సగం ముక్క కత్తిలో బిగిస్తాడు. పని అయ్యాక దాన్ని డబ్బాలో పడేస్తాడు. ఎంత రద్దీ ఉన్నా ఈ పద్ధతి తప్పలేదు.

మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని భార్య గంగారత్నం వచ్చింది. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. గిన్నె బల్ల మీద పెట్టి, కూర్చోకుండా నిలబడే ఉంది.

“దీపమ్మ జాకెట్టు గుడ్డ ఎనక్కి పట్టుకెల్లిపోయింది,” అంది. “ఇంకా కత్తెరైనా పెట్టలేదు.”

“ఎందుకట?”

“పాపకి మొకమంతా పుళ్ళంట. నీ కాడ జుట్టు కత్తిరించినాకే వొచ్చినాయంట.”

దీప భర్త కంపెనీ ఆఫీసులో పనిచేస్తాడు. వాళ్ళ అమ్ముకి అయిదేళ్ళు. వానలు మొదలవుతూనే తల ఆరడం లేదని, మెడ దాకా కత్తిరించమని దీపే తీసుకొచ్చింది. గవర్రాజుకి ఆ రోజు బాగా గుర్తుంది. పాప కుదురుగా కూర్చోకపోతే దువ్వెన చేతికిచ్చి ఆడించాడు. కత్తి తగల్లేదు. గాటు పడలేదు.

“ఇదొక్కటే కాదు,” అంది గంగారత్నం. “చక్రధరరావు గారి కాలు వాచిపోయిందంట. ఆసుపత్రిలో పడేసినారు. ఆరి ఆనెకాయ కోసింది నువ్వేగా?”

అదీ నిజమే. చక్రధరరావు గనిలో రాయి ఎత్తే షావెల్ యంత్రం నడుపుతాడు. ఇంకో ఏడాదికి రిటైరవుతాడు. అరికాలిలో ఆనెకాయ నడవనివ్వడం లేదంటే గవర్రాజు బ్లేడుతో పైపైన చెక్కాడు. చుక్క రక్తం రాలేదు. అలా ఎన్నేళ్ళ నుంచో చెక్కుతున్నాడు.

మూడోవాడి సంగతి గవర్రాజు కళ్ళతోనే చూశాడు. కిషోర్ ఇరవయ్యారేళ్ళ కుర్రాడు, కంట్రాక్టరు దగ్గర టిప్పర్ తోలుతాడు. బచేలీలో పిల్లని చూశారు, నిశ్చితార్థం దగ్గర పడిందని వచ్చి నున్నగా గీయించుకున్నాడు. తరవాత అతని దవడల మీద ఆవగింజలంత పొక్కులు లేచాయి. ఒక్కోదాని నెత్తి మీద తెల్లటి చీము, మధ్యలో నుంచి ఒక వెంట్రుక. “మావయ్యా, ఏం పెట్టావు నా మొహానికి?” అని నవ్వుతూనే అడిగాడు. వేడి చేసిందిలే, మజ్జిగ తాగమని పంపాడు గవర్రాజు. అతను మళ్ళీ రాలేదు.

ముగ్గురి సంగతీ కలిపి చూస్తే జనానికి లెక్క సరిపోయింది. ముగ్గురూ కూర్చున్నది ఒకే కుర్చీ, ముగ్గురినీ పట్టుకున్నది ఒకే చెయ్యి. ఆ వారంలోనే బజారు మాట పెద్దదైంది. గవర్రాజు కత్తికి విషం పట్టిందని ఒకరు, బ్లేడ్లు కడిగి మళ్ళీ కాగితంలో చుడుతున్నాడని ఒకరు. హిందీ వాళ్ళు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, ఆ నాయీకి, అంటే మంగలికి, ఏదో పెద్ద బీమారీ ఉందని, అది రక్తంలో నుంచి పాకుతోందని చెప్పుకున్నారు. ఏ బీమారీయో పేరు పెట్టి ఎవరూ అనలేదు. అనకపోవడం వల్ల అందరికీ ఒకటే తోచింది.

గవర్రాజుకి అనుమానం రాంచందర్ మీదికి పోయింది. బస్టాండు దగ్గర కిందటేడు కొత్త సెలూన్ తెరిచాడు రాంచందర్. భద్రాచలం అవతలి మనిషి, దోర్నపాల్‌లో కొన్నాళ్ళు పనిచేసి ఇక్కడికి వచ్చాడు. ఏసీ పెట్టాడు, నీలం రంగు దీపాలు పెట్టాడు. తన బెంచీ ఖాళీ అయితే ఎవరి బెంచీ నిండుతుందో చెప్పడానికి చదువు అక్కర్లేదనుకున్నాడు గవర్రాజు. షట్టరు సగం దించి, గొడుగు వేసుకుని బస్టాండుకి నడిచాడు. దారంతా ఏమని తిట్టాలో కూడబలుక్కున్నాడు.

అద్దం తలుపు తోసి లోపలికి వెళ్ళేసరికి రాంచందర్ తన కుర్చీలో తనే కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఏసీ కట్టేసి ఉంది. మనుషులు లేరు.

“ఏంది అన్నా, ఇట్లొచ్చినవ్?” అన్నాడు లేవకుండా.

“నా కత్తి మీద కతలల్లుతున్నది నువ్వేనా కాదా? అది సెప్పు ముందు.”

రాంచందర్ లేచి నిలబడ్డాడు. “నేనా? ఆడ నీ పేరు జెప్పి ఈడ నా కుర్చీలు గూడ ఖాళీ జేసిన్రు. మంగలోళ్ళందరు ఒక్కతీరే అంటున్రు. మొన్న ఒకాయన కూసుండి, బ్లేడు ఇప్పంగనే లేశి పోయిండు. నువ్వేం జేసినవో నాకేం ఎరుక? నాకైతే నీ మీదనే అనుమానం.”

గవర్రాజు మళ్ళీ గొడుగు తీసుకున్నాడు. వచ్చిన దారినే వెనక్కి వచ్చాడు.

ఇంట్లోనూ ఏదో మారిందని అతను గమనించాడు. తన తువ్వాలు రోజూ ఉండే తీగ మీద లేదు. పెరట్లో వేరే మేకుకి వేలాడుతోంది. మర్నాడూ అక్కడే. సబ్బు కూడా రెండు ముక్కలైంది, ఒకటి పెంకులో, ఒకటి గూట్లో. కాసేపు చూసి ఊరుకున్నాడు కానీ, అన్నం తింటుండగా నోరు ఆగలేదు.

“నువ్వు కూడానా రత్నం?”

ఆమె మజ్జిగ పోస్తూ పోస్తూ ఆగింది. “అనుమానం కాదు. బయం.”

“దేనికి బయం? నేను బ్లేడు మారుత్తానని నీకు తెలీదా?”

“బ్లేడు సంగతి నాకు తెలుసు. నీ ముక్కులో పుండు సంగతి నీకు తెలుసా? ఎన్నేళ్ళ బట్టి అది మానడం లేదు? పక్కు కడతాది, నువ్వు గిల్లుతావు, మల్లీ కడతాది. నేనెప్పుడైనా అడిగినానా? ఇప్పుడు ఊరంతా అడుగుతుంటే నాకూ అడగాలనిపించింది.”

గవర్రాజు అన్నం కలుపుతున్న చెయ్యి వైపు చూసుకున్నాడు. ముక్కు సంగతి అతను ఎప్పుడూ పుండు అనుకోలేదు. జలుబు అనుకున్నాడు, ఎర్ర దుమ్ము అనుకున్నాడు. ఈ ఊళ్ళో ఎవరి ముక్కులో లేదు ఎర్ర దుమ్ము? ఆ సాయంత్రం సెలూన్‌లో బల్బు కిందికి వంగి, అద్దంలో ముక్కు ఎత్తి చూసుకున్నాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని మధ్యమధ్య వెనక్కి తిరిగాడు.

ఇంతలో ఇంకో కబురు వచ్చింది. చక్రధరరావు కాలు తీసేస్తున్నారని, ఎక్కడికి కొయ్యాలో గుర్తు కూడా పెట్టేశారని. కొడుకులు పోలీసు స్టేషనుకి వెళ్ళబోతున్నారని కూడా ఎవరో అన్నారు. ఇక దాక్కుంటే తప్పు ఒప్పుకున్నట్టే అనుకుని గవర్రాజు కొబ్బరి బొండాలు పట్టుకుని టౌన్‌షిప్ ఆసుపత్రికి వెళ్ళాడు.

చక్రధరరావు మంచం మీద, కుడికాలు రెండు దిండ్ల మీద ఎత్తి పెట్టుకుని ఉన్నాడు. చేతికి సెలైన్ సూది. కాలు పాదం నుంచి పిక్క సగం దాకా ఎర్రగా, నిగనిగలాడుతూ, రెండో కాలికి రెట్టింపు ఉంది. ఆ ఎరుపు చుట్టూ నీలం పెన్నుతో గీత గీసి ఉంది.

రావుగారి భార్య బొండాలు అందుకోలేదు. “చూడు, కళ్ళారా చూడు,” అంది. “ఇదిగో, ఇక్కడిదాకా తీసేస్తారట. గీత గీసి వెళ్ళారు. మాకు ఒక్క మాట చెప్పలేదు. చెప్పకుండానే చేస్తారు కాబోలు.”

గవర్రాజు మంచం కమ్మీ పట్టుకున్నాడు. “బాబుగారూ, నేను ఎప్పుడూ కోసినట్టే కోసినానండీ,” అన్నాడు.

చక్రధరరావు కళ్ళు మూసుకునే ఉన్నాడు. “ఏమో గవర్రాజూ,” అన్నాడు. “నాకు తెలిసింది ఒకటే. నీ దగ్గర నుంచి వచ్చాకే చలిజ్వరం పట్టుకుంది.”

అప్పుడే డాక్టర్ శిరీష వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, రాజమండ్రి వైపు అమ్మాయి. ఈ ఆసుపత్రికి వచ్చి రెండేళ్ళయింది. రావుగారి భార్య ఆమెని కూడా ఓరగానే చూసింది.

“ఎవరు చెప్పారండీ కాలు తీసేస్తామని?” అంది డాక్టరు, మాటలు వినే వచ్చినట్టుంది.

రావుగారి భార్య పక్క మంచం వైపు చూసింది. పక్క మంచం వాళ్ళు దుప్పటి సర్దుకోవడం మొదలుపెట్టారు.

“ఈ గీత కోతకి కాదమ్మా. ఎరుపు పైకి పాకుతోందా, వెనక్కి తగ్గుతోందా తెలియడానికి. చేరిన రోజు ఎరుపు అంచు వెంట గీశాను. ఇవాళ చూడండి.” ఆమె వంగి వేలితో చూపించింది. గీతకీ ఎరుపుకీ మధ్య రెండు వేళ్ళ మందం మామూలు చర్మం కనిపిస్తోంది. “మందు పనిచేస్తోంది. గీత దాటి ఉంటే నేనే భయపడేదాన్ని.”

రావుగారి భార్య ఆ రెండు వేళ్ళ ఖాళీని చాలాసేపు చూసింది. తరవాత అంది, “సరే. కానీ ఆనెకాయ కోసింది మాత్రం ఇతనే.”

డాక్టరు పాదం పట్టుకుని అరికాలు తిప్పింది. ఆనెకాయ చెక్కిన చోటు గట్టిగా, పొడిగా, నొక్కినా నొప్పి లేకుండా ఉంది. తరవాత చిటికెన వేలినీ పక్క వేలినీ విడదీసింది. ఆ సందులో చర్మం నాని, తెల్లగా పాసిపోయి, లోపల ఎర్రటి చీలిక కనిపించింది. చక్రధరరావు చురుక్కుమని కాలు లాక్కోబోయాడు.

“వానాకాలమంతా గమ్‌బూట్లలో తడి కాళ్ళు. కదండీ?”

“అది ఉత్త దురదే కదమ్మా. అందరికీ ఉంటుంది.”

“దురదే. కానీ క్రిములు దిగింది ఆ చీలికలో నుంచే. పైన చీము పొక్కు లేదు, గడ్డ లేదు. తిన్నగా చర్మం అడుగు పొరకి పోయి అక్కడ పాకాయి. అందుకే ఇంత వాపు, వేడి, చలిజ్వరం. దీన్ని సెల్యులైటిస్ అంటాం. మీకు షుగరు కూడా ఉంది కాబట్టి త్వరగా పాకింది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రకం కాదు.”

చక్రధరరావు కళ్ళు తెరిచి గవర్రాజు వైపు చూశాడు. ఆయన భార్య కొబ్బరి బొండాలు తీసి మంచం కింద పెట్టింది.

గవర్రాజు వెళ్ళబోతుంటే డాక్టరు వరండాలో ఆపింది. “గవర్రాజంటే మీరేనా? నేనే కబురు పెడదామనుకున్నాను. లోపలికి రండి.”

గదిలో కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నా మీద ఎవరైనా కేసు పెట్టినారామ్మా?”

“లేదు. అమ్ము సంగతి చెబుతాను వినండి. ఆ పాప పుళ్ళు చూశారా మీరు?”

“రానిత్తే కదమ్మా చూడ్డానికి.”

“ముక్కు కింద, నోటి చుట్టూ పల్చటి పొక్కులు లేచి, చితికి, బెల్లం పాకం ఎండినట్టు పసుపు పచ్చటి పక్కు కట్టింది. జ్వరం లేదు, వాపు లేదు. రావుగారిది అడుగు పొరలో అయితే పాపది చర్మం మీది పొరలోనే. ఇంపెటిగో అంటారు. ఇది మాత్రం బాగా అంటుకుంటుంది, పిల్లల నుంచి పిల్లలకి. దోమ కుట్టిన చోట గోకడం, అదే చేత్తో పక్క పిల్లని ముట్టుకోవడం. ఆ పాప ఆడుకునే చోటి నుంచే ఇంకో ఇద్దరు పిల్లలు ఇవే పక్కులతో వచ్చారు. వాళ్ళలో పెద్ద పాపకి అందరికంటే ముందు వచ్చింది. ఆ పిల్లలు మీ సెలూన్ గడప తొక్కలేదు.”

“అయితే నాది కాదు కదమ్మా?” అన్నాడు గవర్రాజు. “రెండూ నావి కావు.”

“రెండూ కావు. మూడోది అడగరేం?”

అతను గుమ్మం వైపు చూశాడు.

“కిషోర్‌ది వేరు. వెంట్రుక కుదుళ్ళలో దిగింది. ప్రతి పొక్కు మధ్యలో వెంట్రుక ఉంది. వాటిలో ఒకదాన్ని పిండాడు. అది లోపలికి దిగి దవడ మీద నిమ్మకాయంత సెగ్గడ్డ అయింది. నిన్న కోసి చీము తీశాను. మొహం మీది గడ్డలు పిండకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. అతనితో పాటు ఇంకో ఇద్దరు మగవాళ్ళు గడ్డం మీద అవే పొక్కులతో వచ్చారు. ఇద్దరూ మీ దగ్గరే గీయించుకున్నారు.”

“నేను మనిషికో బ్లేడు వాడతానమ్మా. మా అమ్మ మీద ఒట్టు.”

“నమ్ముతాను. తువ్వాలు?”

గవర్రాజు సెలూన్‌లో తువ్వాలు ఒకటే. పొద్దున్న తెచ్చింది సాయంత్రం దాకా. ఈ వానల్లో అది ఆరదు. గడ్డం గీశాక పటిక రుద్ది, ఆ తడి తువ్వాలుతోనే తుడుస్తాడు. పటిక బిళ్ళా ఒకటే, నురగ పూసే కుచ్చూ ఒకటే. చిన్నప్పటి నుంచీ అంతే, తండ్రి దగ్గర చూసిందీ అదే. ఒక్కొక్కటీ అడుగుతుంటే ఒక్కొక్కటీ చెప్పాడు. చెబుతూ చెబుతూ, చెమట పట్టి, వేలితో ముక్కు రుద్దుకున్నాడు.

డాక్టరు ఆ వేలిని చూసింది. “ముక్కులో ఏమైంది?”

కోర్టు బోనులో నిలబెట్టినట్టయింది అతనికి. ఆమె టార్చి వేసి చూసి, దూది పుల్లతో రెండు ముక్కుల్లోనూ తిప్పి గాజు గొట్టంలో పెట్టింది. సెలూన్‌లో తువ్వాలు కూడా ఉతక్కుండా, ఉన్నదున్నట్టే కవర్లో పెట్టి పంపమంది. ఆ గొట్టం మీద తన పేరు రాస్తుంటే గవర్రాజు ఆ పెన్ను వైపే చూశాడు. ఇది ఎవరికి చూపిస్తారో, ఏ కాగితం మీద సంతకం పెట్టమంటారో అన్న భయం అతన్ని ఇంటిదాకా వదల్లేదు. తువ్వాలు పంపకుండా తగలబెట్టేద్దామా అని కూడా ఒక క్షణం అనుకున్నాడు. గంగారత్నం అతని చేతిలోంచి లాక్కుని కవర్లో పెట్టి తనే తీసుకెళ్ళి ఇచ్చింది.

జగదల్‌పూర్ ల్యాబు నుంచి పరీక్ష ఫలితం వచ్చాక డాక్టరు పిలిపించింది. కిషోర్ చీములో పెరిగిన క్రిమీ, తువ్వాలులో పెరిగిందీ, ముక్కులో పెరిగిందీ ఒకే రకం. ఒకే మందులకి లొంగుతోంది.

“అచ్చంగా ఒకటేనని ఒట్టు వేసి చెప్పలేను,” అందామె. “ఈ క్రిమి ఎంతోమంది ముక్కుల్లో ఊరికే ఉంటుంది, వాళ్ళకి ఏ హానీ చేయదు. మీ ముక్కులో నుంచి చేతికి, చేతి నుంచి తువ్వాలుకి, తువ్వాలు నుంచి అప్పుడే గీసిన గడ్డానికి వెళ్ళిందని నా అనుమానం. ముక్కులో రాయడానికి మందు ఇస్తాను. తువ్వాళ్ళు మనిషికొకటి, ఉడకబెట్టాలి. చేతులు ప్రతిసారీ సబ్బుతో. పటిక బిళ్ళ పారేయండి. ఇది మీరు బుద్ధిపూర్వకంగా చేసింది కాదు.”

“ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసామ్మా?”

“నేను ఎవరికీ చెప్పను. మీ పరీక్ష మీ సొంతం.”

బయట వాన వెలిసింది. రావుగారి కాలు తగ్గిందని, తప్పు గమ్‌బూట్లదని అప్పటికే బజారులో తెలిసిపోయింది. అమ్ము సంగతీ తెలిసింది. నోరు మూసుకుంటే చాలు, జనం మూడోది కూడా వాటితో కలిపి కొట్టేస్తారు. గవర్రాజు దాని గురించి ఇంటికి వెళ్ళేదాకా ఆలోచించాడు. భార్యకి చెప్పాడు. ఆమె మిషను మీద నుంచి తల ఎత్తకుండా, “కిషోర్ పెల్లి ఆగిపోనాదంట,” అంది.

కిషోర్ లారీ యార్డు వెనక గదిలో ఉంటాడు. దవడకి గాజుగుడ్డ అంటించుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. గవర్రాజు గుమ్మంలోనే నిలబడి డాక్టరు చెప్పిందంతా చెప్పాడు, ముక్కు సంగతితో సహా.

కిషోర్ దవడ మీది గాజుగుడ్డ తడుముకున్నాడు. “అంటే అందరూ అన్నది నిజమేగా?” అన్నాడు.

“కత్తి కాదు బాబూ. తువ్వాలు. నేను.”

“బచేలీ వాళ్ళు నా రక్తం పరీక్ష చేయించమన్నారు మావయ్యా. ఎందుకో అర్థమైందా? చేయించాను, ఏమీ లేదని వచ్చింది. అయినా ఆ కాగితం దొంగదేమో అంటున్నారు. నీ తువ్వాలు తుడిచింది గడ్డం కాదు, నా పరువు. వెళ్ళు మావయ్యా. ఇంకేం అనేలోపు వెళ్ళు.”

గవర్రాజు వెళ్ళాడు, కానీ ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్న బస్సెక్కి బచేలీలో దిగి, పిల్ల తండ్రి సీతారాములు క్వార్టరు వెతుక్కున్నాడు. సీతారాములు వరంగల్ వైపు మనిషి, స్టోర్సులో పనిచేస్తాడు. విన్నంతసేపూ గేటు తీయలేదు.

“నిన్ను పోరడే పంపిండా?” అన్నాడు.

“లేదండి. నేనొచ్చినట్టు ఆడికి తెలీదు.”

“మరి నీకేంది లాభం?”

“లాభం లేదు బాబూ. మీరు ఈ మాట నలుగురికి సెప్తే బచేలీలో కూడా నా పేరు పోద్ది.”

“ఎవడన్న తన పేరు తనే జెడగొట్టుకుంటడా?” సీతారాములు అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. “నాకైతే నమ్మబుద్ధి గాలే.”

“నమ్మొద్దు. ఆసుపత్రికొచ్చి డాక్టరమ్మని అడగండి. నా పరీక్ష మీకు చూపించమని నేనే సెప్తాను.”

సీతారాములు వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. గేటు మాత్రం తీయలేదు. గవర్రాజు రోడ్డు మలుపు తిరిగేదాకా ఆయన అక్కడే నిలబడి, ఇతను ఎవరినైనా కలుస్తాడేమోనని చూస్తూనే ఉన్నాడు.

తరవాతి నెల గవర్రాజుకి అన్నిటికంటే గడ్డుగా గడిచింది. బచేలీలో అన్న మాట ఇక్కడి బజారుకీ చేరింది, కానీ నిజం చెప్పినందుకు జనం మెచ్చుకోలేదు. అంత ధైర్యంగా ఒకటి ఒప్పుకున్నాడంటే దాని వెనక ఇంకెంత దాచాడో అనుకున్నారు. అతను ముక్కులో మందు రాసుకున్నాడు. గోళ్ళు మొదలుకంటా కత్తిరించుకున్నాడు. పటిక బిళ్ళ పారేశాడు. గంగారత్నం పాత పంచెలు చించి, అంచులు కుట్టి చిన్న తువ్వాళ్ళు దొంతరలుగా చేసింది. పెరట్లో పెద్ద గిన్నె పెట్టి వాటిని ఉడకబెట్టింది. వాన పట్టినప్పుడు పొయ్యి పక్క తాళ్ళు కట్టి ఆరేసింది. వాడేవాళ్ళు లేక ఆ తువ్వాళ్ళు చాలా రోజులు మడతల్లోనే ఉన్నాయి.

మొదట వచ్చింది దీప. సెలూన్‌కి కాదు, ఇంటికి. అమ్ము మొహం మీద పక్కులు రాలిపోయి లేత గులాబీ రంగు మచ్చలు మాత్రం మిగిలాయి. దీప జాకెట్టు గుడ్డ తీసి మిషను మీద పెట్టింది.

“కొలత పాతదే,” అంది. గంగారత్నం కత్తెర తీసింది.

సీతారాములు ఆసుపత్రికి వచ్చి వెళ్ళాడని గవర్రాజుకి తరవాత ఎప్పుడో తెలిసింది. దసరా తరవాత నిశ్చితార్థం జరిగింది. గవర్రాజుని పిలవలేదు. ఎవరో ఫోనులో ఫొటో చూపించారు. కిషోర్ ఒత్తుగా గడ్డం పెంచాడు. అందులో మచ్చ కనపడలేదు. ఆ గడ్డం అతను ఇంకెవరి చేతా గీయించుకోలేదు. బజారులో ఎదురుపడితే “నమస్తే మావయ్యా” అంటాడు, అటు వైపు రోడ్డు మీద నుంచే.

చక్రధరరావు చలికాలం మొదట్లో వచ్చాడు. కర్ర ఊతం చేసుకుని, చంకలో సొంత తువ్వాలు, జేబులో సొంత బ్లేడు. కూర్చునే ముందు కుర్చీ చేతులు తుడిచాడు. గవర్రాజు సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చేదాకా వేళ్ళ వైపే చూశాడు. గడ్డం సగం గీశాక అన్నాడు, “కడిగావు సరే. మధ్యలో దేన్నైనా ముట్టుకున్నావా?”

“లేదండి బాబుగారూ.”

“ఫోను?”

గవర్రాజు కత్తి కింద పెట్టి మళ్ళీ కడుక్కుని వచ్చాడు. అతనికి కోపం రాలేదు. ఆయన లేవబోతుంటే, “చెప్పులు విప్పండి,” అన్నాడు. వేళ్ళ సందులు పొడిగా ఉన్నాయో లేదో చూశాకే పంపాడు.

ఆ తరవాత బెంచీ మీద ఒకరిద్దరు కూర్చోవడం మొదలైంది. మునుపటిలా కబుర్లు చెప్పుకోరు. అతని చేతుల వైపు చూస్తుంటారు. అతను వాళ్ళ మెడలూ, చెవుల వెనకా, గడ్డాల కిందా చూస్తుంటాడు. ఒకరోజు రాయ్‌పూర్ లారీ డ్రైవరు ఒకతను తొందరలో వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. కాలరు దించితే మెడ వెనక మూడు చోట్ల చీము పట్టిన గడ్డలు. గవర్రాజు బట్ట కప్పకుండానే వెనక్కి జరిగాడు.

“పహలే అస్పతాల్ జావో భయ్యా. బాద్ మే ఆనా.”

ముందు ఆసుపత్రికి పొమ్మన్నందుకు డ్రైవరు తిట్టి లేచిపోయాడు. గవర్రాజు గుమ్మంలోకి వచ్చి చూశాడు. అతను ఆసుపత్రి రోడ్డు ఎక్కలేదు, బస్టాండు వైపు తిరిగాడు. గవర్రాజు రాంచందర్‌కి ఫోను చేశాడు.

“మెడ మీద గడ్డలున్న మనిషి ఒకడు నీ కాడికొత్తన్నాడు. కూకోబెట్టకు.”

“వచ్చిండు అన్నా, ఈడనే తలుపు కాడ నిలబడి లొల్లి జేస్తున్నడు,” అన్నాడు రాంచందర్. “నా బండి మీద అస్పతాలకు దింపి వస్త. నువ్వు ఫోను పెట్టు.”